వంతు కోసం నిలబడిన బుజ్జి

(జులై 6న కావలి దగ్గర ఒక ఊళ్లో ఉచిత రేబిస్ టీకాల శిబిరం ముగిశాక, కుక్కలను పట్టుకొచ్చిన వాళ్లతో ఒక విశ్రాంత పశువైద్యురాలు మాట్లాడిన మాటలు.)

అందరికీ నమస్కారం. పొద్దున ఆరున్నర నుంచి ఈ వేపచెట్టు కింద కుక్కలను పట్టుకుని నిలబడ్డారు. ఎండ ముదరకముందే సూదులన్నీ అయిపోయాయి, సంతోషం. 1885లో ఇదే జులై 6న, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి లూయీ పాశ్చర్ రేబిస్ టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు. ఏటా ఈ రోజున మనం ఈ టీకాలు వేయించుకోవడం వెనక ఉన్న సంగతి అది. మిగతా వివరాలు మన డాక్టరు గారు ఇందాకే చెప్పారు, నేను మళ్లీ ఎత్తుకోను.

నన్ను పిడుదుల మందు గురించి, నట్టల మందు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అవే చెబుదామని వచ్చాను. కానీ పొద్దున లైన్లో ఒకమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పోయినేడు రెండిట్ని తెచ్చాను డాక్టరమ్మా, ఈసారి ఒకటే వచ్చింది" అంది. ఆమె కాళ్ల దగ్గర తెల్ల కుక్క తల నేలకు ఆనించి పడుకుని ఉంది. చుట్టూ ఇన్ని కుక్కలు మొరుగుతుంటే అది చెవి కూడా ఎత్తలేదు. "అన్నం ముట్టట్లా. ఇది దిగులా, జబ్బా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. నా సర్వీసులో ఈ ప్రశ్న చాలామంది అడిగారు. ఎక్కువమందికి "నాలుగు రోజులు చూడండమ్మా, అదే సర్దుకుంటుంది" అని చెప్పి పంపాను. అంతకంటే మంచి జవాబు ఉందని మా ఇంట్లోనే జరిగాక తెలిసింది. అందుకే ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు జబ్బు సంగతి తేల్చుకోవాలి. తోడు పోయిన కుక్క తిండి మానేస్తే మనం దిగులనుకుంటాం. నిజంగా దిగులే కావచ్చు. కానీ రెండూ ఒకే తొట్టి నీళ్లు తాగాయి, ఒకే గోనె సంచి మీద పడుకున్నాయి, ఒకే పిడుదులు రెండిటినీ కుట్టాయి. మొదటిదాన్ని తీసుకుపోయిన జబ్బు రెండోదానిలోనూ ఉండొచ్చు. కాబట్టి మొదటిది ఎందుకు పోయిందో మీకు తెలియకపోతే, రెండోదాన్ని ఒకసారి ఆస్పత్రికి తీసుకురండి. రక్తపు విరేచనాలు, వాంతులతో పోయి ఉంటే అది పార్వో కావచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్ వేసి కడిగితే చావదు, బ్లీచింగ్ నీళ్లు కావాలి. టీకా పడని కుక్కపిల్ల ఎవరింట్లోనైనా ఉంటే దాన్ని ఆ చోటికి పోనివ్వకండి. వానాకాలంలో ఎలుకలు ఉచ్చపోసిన నీళ్ల నుంచి వచ్చే జబ్బు ఒకటుంది, లెప్టో అంటాం, అది కుక్కలకే కాదు, మనకూ వస్తుంది. ఇక పిడుదులు, మన పల్లెల్లో గోమార్లు అంటారే, వాటి జ్వరం వారాల తరబడి లోపలే ఉండి మెల్లగా రక్తాన్ని తినేస్తుంది. అలాంటి కుక్కను చూస్తే ఎవరికైనా దిగులు పడిందనే అనిపిస్తుంది.

ఇంట్లో మీరే చూసుకోగలిగిన పని ఒకటి చెబుతాను. పై పెదవి మెల్లగా ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. పాలిపోయి ఉన్నా, పసుపు రంగు కనిపించినా, రంగు తిరిగి రావడం ఆలస్యమైనా అది దిగులు కాదు. జ్వరం చూడ్డం తెలిసినవాళ్లు చూసుకోండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, మన లెక్క దానికి పనికిరాదు. ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో పడినా ఆ పూటే తీసుకురండి. నీళ్లు కూడా ముట్టకపోతే రేపటిదాకా ఆగొద్దు.

ఇంకొక్క మాట. పోయిన కుక్క చివరి రోజుల్లో తీరు మారిపోయి, చొంగ కారుస్తూ, గొంతు మారి, కనిపించినదాన్నల్లా కరిచి పోయి ఉంటే అది రేబిస్ కావచ్చు, దాచిపెట్టకండి. వెంటనే చెప్పండి. కరిపించుకున్నవాళ్లు, గీరుడు పడ్డవాళ్లు గాయాన్ని సబ్బుతో పావుగంట పాటు పారే నీళ్ల కింద కడుక్కుని ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగిలిన కుక్కను కూడా విడిగా కట్టేసి మాకు చూపించాలి.

ఇక దిగులు సంగతికి వస్తాను.

మా ఇంట్లో రెండు కుక్కలుండేవి. రెండూ మన ఊరి కుక్కలే. ఎర్రోడు పెద్దవాడు. వాడికి నాలుగేళ్లప్పుడు బుజ్జి వచ్చింది, అరచేతిలో పట్టేంత పిల్ల. వాడికి పన్నెండో ఏడు వచ్చేసరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. సెలైన్లు ఎక్కించాను, మందులు మార్చాను, నాకు తెలిసిందంతా చేశాను. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున పోయాడు. పెరట్లో నిమ్మచెట్టు అవతల, బావికి దూరంగా, నిలువు లోతు గుంట తీసి పూడ్చాం.

మర్నాడు నేనేం చేశానో చెబుతాను, మీరు అలా చేయొద్దని. పొద్దున్నే లేచి పెరడంతా ఫినాయిల్‌తో కడిగించాను. వాడు పడుకున్న గోనె సంచి కాల్చేశాను. వాడి సత్తు పళ్లెం తోమి అటక మీద పెట్టాను. వాటిని చూస్తుంటే నాకే తట్టుకోవడం కష్టంగా ఉండి చేశాను. బుజ్జి ఆ సంచి ఉండే మూలకు పోయి నేలకు ముక్కు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరదాకా వాసన చూసింది. తుమ్మింది. మళ్లీ చూసింది. మన ముక్కులో వాసన పట్టే కణాలు అరకోటికి అటూ ఇటుగా ఉంటే కుక్కకు ఇరవై కోట్లకు పైనే. ఇంట్లో ఎర్రోడు ఇంకా మిగిలి ఉన్నది దాని ముక్కుకే. ఆ మిగిలిన కాస్తా నేను ఫినాయిల్ పోసి తుడిచేశాను. వాడు పోయింది మూత్రపిండాల జబ్బుతో, అంటుజబ్బుతో కాదు. ఆ సంచి ఇంకో నెల అక్కడే ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నం నుంచి బుజ్జి అన్నం తినలేదు. మొదటి రోజు ఊరుకున్నాను. రెండో రోజు రక్తపరీక్ష చేయించాను, అంతా బాగానే ఉంది. కోడి మాంసం ఉడికించి పెట్టాను. గుడ్డు పెట్టాను. పాలన్నం పెట్టాను. పళ్లేనికి నాలుగడుగుల దూరంలో నిలబడుతుంది, అంతే. ఇన్నేళ్ల అనుభవమున్న డాక్టర్ని, నా ఎదురుగా కనిపిస్తున్నది నాకు అర్థం కాలేదు. దాని నోటి నుంచి చొంగ కారుతోంది. అంటే ఆకలి ఉంది. చూపు మాత్రం అన్నం మీద లేదు, కొళాయి కింద నీళ్ల తొట్టి మీద ఉంది.

అది కనిపెట్టింది మా అత్తగారు. బడి మొహం చూడని మనిషి. అరుగు మీద కూర్చుని చూసి చూసి, "అది తిననంటల్లేదమ్మాయ్, వాడు నీళ్లు తాగేదాకా ఆగతా ఉంది" అంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఎర్రోడు ఎప్పుడూ ముందు తినేవాడు. పళ్లెం ఖాళీ చేసి తొట్టి దగ్గరికి పోయి గటగటా నీళ్లు తాగేవాడు. ఆ చప్పుడు వినిపించాక బుజ్జి తన పళ్లెంలో మూతి పెట్టేది. చిన్నప్పుడు ఒకసారి తొందరపడితే వాడు గుర్రుమన్నాడు, అప్పటి నుంచి ఎనిమిదేళ్లు అదే వరస. మేం రోజూ చూస్తూనే ఉన్నాం, ఒక్కరోజూ గమనించలేదు. ఆమె మెల్లగా లేచి తొట్టి దగ్గరికి పోయి, చెయ్యి నీళ్లలో పెట్టి గలగలా కదిపింది. బుజ్జి చెవులు నిలబడ్డాయి. తొట్టి వైపు చూసింది, ఆమె వైపు చూసింది. ఆమె మళ్లీ కదిపింది. "తినవే, ఇంక నీ వంతే" అంది. బుజ్జి పళ్లెం దగ్గరికి వచ్చి సగం అన్నం తింది.

నేను మీకు చెప్పదలుచుకున్నది ఇదే. పోయిన కుక్క ఒక్కటే పోదు. మిగిలినదాని రోజులోంచి కొన్ని పనులు, కొన్ని చప్పుళ్లు, కొన్ని వంతులు దాంతో పాటు పోతాయి. గేటు చప్పుడైతే మొదట మొరిగేది ఎవరు? రాత్రి ఎవరి వీపుకు ఎవరు ఆనుకుని పడుకునేవి? బయటికి పోయేటప్పుడు ముందు నడిచేది ఎవరు? కూర్చుని ఆ రోజంతా గుర్తు చేసుకోండి, ఇంట్లో పిల్లల్ని అడగండి, వాళ్లకు మనకంటే బాగా తెలుస్తుంది. ఎక్కడ ఖాళీ పడిందో దొరుకుతుంది. ఆ ఖాళీలో మీరు కొన్నాళ్లు చెయ్యి పెట్టాలి. మా అత్తగారు ఇరవై రోజుల పైనే ఆ తొట్టిలో నీళ్లు కదిపింది. మొదట పూటపూటా, తర్వాత ఒక్కసారి వేళ్లు తడిపి వదిలేది.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు, చదువుకున్నవాళ్లు లెక్కలు కట్టి చూసిన విషయం కూడా. 2022లో అచ్చైన ఒక పరిశోధనలో, ఇటలీలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ కుక్కలుండి ఒకటి పోయిన 426 మంది పెంపకందార్లను అడిగారు. నూటికి 86 మంది మిగిలిన కుక్క తీరు మారిందన్నారు. మూడింట రెండొంతుల మంది అది మనుషుల్ని వదలకుండా వెంట తిరిగిందన్నారు. సగానికి పైగా ఆట తగ్గిందన్నారు. నిద్ర ఎక్కువైందని, భయం ఎక్కువైందని చెరి 35 శాతం మంది చెప్పారు. తిండి తగ్గిందన్నవాళ్లు 32 శాతం. కొన్ని రెండు నెలల్లోపే సర్దుకున్నాయి, కానీ నాలుగోవంతు కుక్కల్లో ఆ మార్పు ఆరు నెలలు దాటింది. కాబట్టి వారం రోజులకే "ఇంకా ఏంది దీని గోల" అని విసుక్కోకండి.

ఆ పరిశోధనలో నన్ను ఆపేసినవి రెండున్నాయి. అవి ఎన్నేళ్లు కలిసి ఉన్నాయన్న దాన్ని బట్టి పెద్ద తేడా రాలేదట. స్నేహంగా ఉన్నాయా, తల్లీబిడ్డల్లా ఉన్నాయా అన్న దాన్ని బట్టి తేడా వచ్చింది. రెండోది, తిండి పంచుకుని తినే అలవాటున్న కుక్కలైతే మిగిలినది ఎక్కువ మందకొడిగా, ఎక్కువ నిద్రపోతూ కనిపించింది. అది చదివినప్పుడు నాకు మా సత్తు పళ్లేలే కళ్లముందు మెదిలాయి.

చాలామంది అడిగేది ఇంకొకటి: పోయినదాన్ని మిగిలినదానికి చూపించాలా? అంటుజబ్బు కాకపోతే చూపించండి, కాసేపు వాసన చూసుకోనివ్వండి, బలవంతంగా దగ్గరికి లాగకండి. ఆస్పత్రిలోనే పోయి, చూపించడం కుదరకపోతే మాత్రం దాని గురించి కుమిలిపోకండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసి 2016లో అచ్చైన పరిశీలనలో, శవాన్ని చూసిన కుక్కలకూ చూడనివాటికీ తీరులో తేడా కనబడలేదు. పూడ్చేటప్పుడు మాత్రం గుంట లోతుగా తీయండి. పైపైన మట్టి కప్పితే ఊరి కుక్కలు తవ్వుతాయి, మీ కుక్కే తవ్వినా ఆశ్చర్యం లేదు.

రోజువారీ సంగతులు చెబుతాను. అన్నం వేళ మార్చొద్దు. పాత వేళకే, పాత చోటే పెట్టండి. పావుగంట ఉంచి, ముట్టకపోతే మాట్లాడకుండా తీసేయండి, మళ్లీ పూట వేళకు పెట్టండి. ముద్దలు చేసి నోట్లో కుక్కొద్దు. రోజుకో కొత్త రుచి పెడుతూ పోతే అది పాత అన్నం మానేసి కొత్తదాని కోసం చూడటం నేర్చుకుంటుంది. కాస్త వెచ్చచేసి పెడితే వాసన లేచి తినొచ్చు. మన నెల్లూరోళ్లకు ఒక అలవాటుంది, దేనికైనా చేపల పులుసే మందు. కుక్క తినట్లేదంటే పులుసన్నం కలిపి పెట్టేస్తారు. పెట్టొద్దు. ఉల్లిపాయ కుక్క రక్తంలో ఎర్ర కణాలను విరగ్గొడుతుంది, ముళ్ల సంగతి సరేసరి. చేప ముక్క ఉప్పుకారం లేకుండా విడిగా ఉడికించి, ముల్లు తీసి పెట్టండి. పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే మాకు చూపించాలి. పిల్లయితే ఒక పూటే ఎక్కువ.

నిద్రపోవట్లేదని మనుషుల మాత్రలు ముక్క చేసి వేసేవాళ్లున్నారు. నొప్పి అనుకుని ఐబుప్రొఫెన్ వేసినవాళ్లనూ చూశాను, దాంతో కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు పోతాయి. దిగులు మరీ ముదిరితే కుక్కలకూ మందులున్నాయి, కానీ అవి డాక్టరు చూసి, బరువు లెక్కగట్టి ఇవ్వాల్సినవి.

బయటికి తీసుకుపోవడం మానకండి. పొద్దున ఆరు లోపు, సాయంత్రం నేల చల్లబడ్డాక. మీ అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. పాత దారినే పోండి, మధ్యలో ఒక కొత్త సందు కలపండి. అది ఎక్కడైనా ఆగి వాసన చూస్తుంటే తాడు లాగకండి. మన పేపరు చదువుకోవడం లాంటిది దానికి ఆ వాసన. ఇంట్లో పాత గోనె సంచి మడతల్లో ఉడికించిన గుడ్డు ముక్కలు నాలుగు దాచిపెట్టి వెతుక్కోమనండి. ముక్కుకు పని దొరికిన కుక్క మనసు కాస్త తేలికపడుతుంది. బుజ్జి మొదటిసారి తోక ఊపింది ఆ సంచి దగ్గరే.

ఒంటరిగా ఉండటం రానివి కొన్ని ఉంటాయి. పుట్టినప్పటి నుంచి పక్కన ఇంకొకటి ఉండేది కదా, ఇల్లు తాళం పెట్టి పోతే తలుపులు గీరుతాయి, గుమ్మాలు కొరుకుతాయి. దాన్ని కొట్టకండి, అది భయంతో చేస్తున్న పని. రెండు నిమిషాలు బయటికి పోయి రండి. తర్వాత ఐదు, తర్వాత పావుగంట. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు పెద్ద హడావుడి వద్దు. మీరు కట్టుకుని విడిచిన పాత చీర గానీ లుంగీ గానీ దాని పక్కన వేయండి. ఇంట్లో మూడో కుక్క, నాలుగో కుక్క ఉంటే పెద్దది పోయాక వాటిలో వాటికి కొట్లాటలు రావచ్చు, కొన్నాళ్లు విడివిడిగా అన్నం పెట్టండి.

ఇప్పుడు ఏడుపు సంగతి. రాత్రిపూట కుక్క ఊళ పెడితే మన ఊళ్లలో ఏమంటారో మీకు తెలుసు. ఎవరికో మూడిందంటారు, రాయి తీసుకుని తరుముతారు. ఆ ఊళ దూరానున్న తన వాళ్లను పిలిచే పిలుపు. నేనిక్కడున్నాను, నువ్వెక్కడ అని. తోడు పోయిన కుక్క పిలుస్తోంది, జవాబు రావట్లేదు, మళ్లీ పిలుస్తోంది. దాని మీద రాళ్లు వేయడం ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించండి. పక్కింటివాళ్లకు మీరే పోయి చెప్పండి, "మా ఇంట్లో ఒకటి పోయింది వదినా, నాలుగు రోజులు ఓర్చుకోండి" అని. మన జనం ఓర్చుకుంటారు, చెబితే చాలు. రాత్రి దాన్ని పెరట్లో ఒంటరిగా కట్టేయకుండా మీకు దగ్గరలో, వరండాలోనైనా పడుకోనివ్వండి. ఊళ పెట్టినప్పుడు అరవొద్దు, అలాగని ప్రతిసారీ పరుగెత్తి బిస్కెట్ ఇవ్వొద్దు. నిమ్మళంగా పడుకున్నప్పుడు పోయి వీపు నిమరండి.

మీ దిగులు సంగతి కూడా మాట్లాడాలి. ఇటలీ పరిశోధనలోనే, యజమాని ఎంత కుంగిపోతే మిగిలిన కుక్కలో భయం, తిండి తగ్గడం అంత ఎక్కువగా కనిపించాయి. 2019లో అచ్చైన ఒక స్వీడన్ పరిశోధనలో 58 కుక్కల బొచ్చు, వాళ్ల యజమానుల తలవెంట్రుకలు తీసి, టెన్షన్‌లో ఒంట్లో పెరిగే హార్మోను ఎంతుందో కొలిచారు. యజమానిలో ఎక్కువుంటే కుక్కలోనూ ఎక్కువుంది, తగ్గితే తగ్గింది. నెలల తరబడి అలాగే. అందుకని ఏడవొద్దని నేను చెప్పను. ఏడవండి. కాకపోతే ఏడ్చే చోటు ఉండదు మనకు, అదీ కష్టం. "కుక్క కోసం ఇంత ఏడుపేందమ్మా" అంటారు. నన్నూ అన్నారు.

అలా అనేవాళ్లకు నేనొకటే గుర్తు చేస్తాను. మన నెల్లూరులో కూర్చునే తిక్కన గారు భారతంలో పదిహేను పర్వాలు రాశాడు. చివర్లో ధర్మరాజు వెంట అన్నదమ్ములు పోయారు, ద్రౌపది పోయింది, ఒక్క కుక్క మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి నేను రానన్నాడు. ఆ కుక్క యమధర్మరాజని తర్వాత తెలుస్తుంది, సరే. ఆ మాట అన్నప్పుడు మాత్రం ధర్మరాజుకు అది కుక్కే. అంత పెద్ద కథను మోసిన గడ్డ మీద కూర్చుని, ఇంటి కుక్క పోయిందని కన్నీళ్లు పెట్టుకోవడానికి మనం సిగ్గుపడక్కర్లేదు. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు నిజం చెప్పండి. ఎక్కడికో పారిపోయిందని చెబితే వాళ్లు వీధి చివరదాకా వెతుకుతూనే ఉంటారు.

కొత్త కుక్కపిల్లను తేవడం గురించి అడుగుతారని తెలుసు. ఇందులోనూ నేను తొందరపడ్డాను. ఎర్రోడు పోయిన పదో రోజున, బుజ్జికి తోడుంటుందని ఒక పిల్లను తెచ్చాను. అది ఎగిరెగిరి బుజ్జి మెడ మీద పడేది, అన్నం పళ్లెంలో కాళ్లు పెట్టేది. బుజ్జి మెట్ల కింద దూరి మూడు రోజులు బయటికి రాలేదు. అప్పుడప్పుడే తింటున్నది మళ్లీ మానేసింది. చివరికి ఆ పిల్లను మా చెల్లెలింటికి పంపాను, అక్కడ బాగానే పెరిగింది. మిగిలినది తన తిండి తాను తిని, తన నిద్ర తాను పోయి, వీధిలో కుక్క కనిపిస్తే తోక ఊపే దాకా ఆగండి. ముసలిదైతే, కీళ్ల నొప్పులుంటే దానికి తోడుగా పిల్ల అక్కర్లేదు, మీరే చాలు. తేవాలనుకుంటే ముందు ఇంటి బయట, రెండిటికీ తెలియని చోట పక్కపక్కన నడిపించండి. పోయినదాని పేరు మాత్రం కొత్తదానికి పెట్టకండి. ఆ పేరు పిలిస్తే మీ పాతది ఎవరి కోసం చూస్తుందో మీకు తెలుసు.

ఎండ ఎక్కుతోంది. ఎవరైనా అడిగేదుంటే అడగండి. ఆ వెనక, చెయ్యెత్తిన అబ్బాయి, చెప్పు నాయనా.

(వెనక నుంచి ఒకరు: "మాది అల్లూరు సైడ్ డాక్టరమ్మా. రొయ్యల గుంటల కాడ కాపలాకి రెండు కుక్కలుండేయి. ఒకదాన్ని రక్తపింజరి కరిసింది, పోయి పన్నెండు రోజులైంది. ఇంకోటి ఇప్పుడు షెడ్డు దిగట్లా. పగలు కాస్త తింటా ఉంది. రాత్రైతే కట్ట మీదకి చూస్తా ఊళ పెడతా ఉంది. కాపలాకి పనికిరాదు, ఎవరికన్నా ఇచ్చేయమంటున్నారు మావోళ్లు.")

ఎవరికీ ఇవ్వొద్దు నాయనా. తోడు పోయింది, చోటు కూడా పోతే దానికి ఇంకేం మిగులుతుంది? దానికీ కాటేమైనా పడిందేమో, ఒంటి మీద వాపు, పుండు ఉందేమో చూశావా? చూశావు, లేదు. మంచిది. పగలు తింటోందంటున్నావు, అదీ మంచిదే. సరే, ఇది చెప్పు. రాత్రిపూట ఆ రెండూ ఏం చేసేవి?

("కట్ట చుట్టూ తిరిగేయి. ముందు అది, దాని ఎనక ఇది. రెండు మూడు చుట్లు కొట్టి వచ్చి పడుకునేయి.")

ఏ టైముకి?

("నేను ఏరియేటర్లు ఏసి వచ్చేటప్పటికి. పది, పదిన్నర.")

ఎప్పుడూ ముందు అదే నడిచేదా? ఇది ఒక్కసారి కూడా ముందు నడవలేదా? చూశావా మరి, దానికి కట్ట మీదికి పోవడం రాక కాదు, ముందు నడిచేవాళ్లు లేరు. ఈ రాత్రి పదిన్నరకు టార్చిలైటు తీసుకో. మోకాళ్ల దాకా బూట్లు వేసుకో, పింజరి తిరిగిన చోటు అది. తాడు కట్టొద్దు, పిలవొద్దు. షెడ్డు ముందు నుంచి మెల్లగా నడువు. మొదటి రోజు అది రాదు, వాకిట్లోనే నిలబడి చూస్తుంది. నువ్వు ఒక చుట్టు పూర్తి చేసి వచ్చి పడుకో. రేపు అదే టైముకి మళ్లీ పో. నాలుగో రోజో, ఐదో రోజో నీ వెనక గడ్డిలో చప్పుడవుతుంది. అప్పుడు వెనక్కి తిరిగి టార్చి దాని ముఖాన కొట్టకు. అలాగే నడుస్తూ పో.

ఆ తెల్లకుక్క అమ్మ ఎక్కడమ్మా? ఇటు రా తల్లీ, ముందు దాని చిగుళ్లు చూద్దాం.